ఇంతకీ ఏం కనుక్కున్నారు?

పత్రికల జిల్లా పేజీల్లో తరచూ కనిపించే వార్త ఒకటుంది. ఫలానా మండలం ఫలానా గ్రామ వాసికి డాక్టరేట్. ఫలానా ప్రొఫెసర్ పర్యవేక్షణలో, ఫలానా అంశంపై సమర్పించిన సిద్ధాంత గ్రంథానికి యూనివర్సిటీ పీహెచ్‌డీ పట్టా ప్రకటించింది. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. మిత్రులు, గ్రామస్తులు హర్షం వ్యక్తం చేశారు. పక్కనే పాస్‌పోర్ట్ సైజు ఫొటో. ఊరి పేరు, గైడ్ పేరు, హర్షం అన్నీ ఉంటాయి. ఆ మనిషి ఏం కనుక్కున్నాడన్నది మాత్రం ఉండదు.

విలేకరిని అని లాభం లేదు. స్కాలర్ వాట్సాప్‌లో పంపిన నోట్‌లో ఏముంటే అదే వేస్తాడు. ఆ నోట్‌లో అది లేదు. చాలాసార్లు మూడు వందల పేజీల సిద్ధాంత గ్రంథంలోనూ అది ఒకచోట, ఒక పేరాగా దొరకదు. ఫెలోషిప్ రాకపోతే ధర్నా జరుగుతుంది, హాస్టల్ మెస్ బాగా లేకపోతే గేటుకు తాళం పడుతుంది. నాలుగైదేళ్ల కష్టాన్ని నాలుగు మాటల్లో చెప్పలేకపోవడానికి మాత్రం ఏ బ్యానరూ కట్టరు. మన యూనివర్సిటీ క్యాంపస్‌లలో ఏళ్ల తరబడి ఉన్న ఈ కష్టాన్ని ఎవరికి వారు తమ సొంత లోపం అనుకుని మింగేస్తున్నారు.

వైవా గదిలో మూడు జవాబులు

ఈ కష్టం బయటపడేది వైవా రోజున. వైవా బహిరంగంగా జరగాలన్నది నిబంధన కాబట్టి డిపార్ట్‌మెంట్ సెమినార్ హాలు నిండుతుంది. వెనక వరుసల్లో జూనియర్ స్కాలర్లు, ముందు వరుసలో ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్న, బల్ల మీద శాలువాలు, బొకేలు, పక్క గదిలో టిఫిన్ పొట్లాలు. స్కాలర్ ఇరవై నిమిషాలు పవర్‌పాయింట్ చూపిస్తాడు. లక్ష్యాలు, పరికల్పన, అధ్యాయ విభజన, పట్టికలు. అంతా అయ్యాక ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కళ్లద్దాలు సర్దుకుని అడుగుతారు: "బాగుందమ్మా. ఇందులో నీ కాంట్రిబ్యూషన్ ఏమిటి?"

జవాబులు దాదాపు మూడు రకాలు. మొదటిది, "ఈ అంశం మీద ఇంతవరకు ఎవరూ పరిశోధన చేయలేదు సార్." రెండోది, "నాలుగు మండలాలు తిరిగి మూడు వందల మందిని ఇంటర్వ్యూ చేశాను సార్." మూడోది, "ఇది సమాజానికి, ప్రభుత్వానికి ఎంతో ఉపయోగపడుతుంది సార్."

వీటిలో ఏదీ అబద్ధం కాదు. కానీ అడిగినదానికి జవాబు రాలేదు. ఎవరూ చేయలేదన్నది ఖాళీ ఉందని చెబుతుంది గానీ ఆ ఖాళీని ఎందుకు పూడ్చాలో చెప్పదు. మా ఊరి బస్టాండు మీద కూడా ఎవరూ పీహెచ్‌డీ చేయలేదు. మూడు వందల ఇంటర్వ్యూలు పడిన శ్రమకు లెక్క. సమాజానికి ఉపయోగం అన్నది ఏ పుస్తకం చివరైనా అతికే వాక్యం. ఎగ్జామినర్ తెలుసుకోవాలనుకున్నది వేరే: ఈ పని మొదలుకాక ముందు ఈ విషయం గురించి తెలిసినవాళ్లు ఏమనుకునేవారు? ఇది చదివాక అందులో ఏ మాట మార్చుకోవాలి?

తెలివిగల పిల్లలే ఇక్కడ తడబడతారు. టీ తాగేటప్పుడు అదే అమ్మాయిని అడిగితే, ఫీల్డ్‌లో తాను అనుకున్నది తలకిందులైన సంగతి కళ్లు మెరుస్తూ చెబుతుంది. ఆ సంగతే ఆమె కాంట్రిబ్యూషన్. అది నాలుగో అధ్యాయంలో ఒక పట్టిక కింద, "పై పట్టికను బట్టి తెలుస్తున్నది ఏమనగా" అన్న వాక్యం వెనక దాక్కుని ఉంటుంది.

ఒకప్పటి శీర్షికలు

మొదటినుంచీ ఇలాగే ఉండేదని చెప్పలేం. బిరుదురాజు రామరాజు 1950ల్లో ఉస్మానియాలో తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేసేనాటికి, పామరుల పాటలకు పాండిత్య గౌరవం ఏమిటన్న అనుమానం యూనివర్సిటీల్లో ఉంది. ఊరి పాటలను సేకరించి, వర్గీకరించి, అది కూడా సాహిత్య చరిత్రలో భాగమేనని ఆయన పని నిలబెట్టింది. సి. నారాయణ రెడ్డి సిద్ధాంత గ్రంథానికి పెట్టిన పేరు 'ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు'. ఆధునిక కవిత్వాన్ని ఏ రెండు కొసల మధ్య కొలవాలో శీర్షికే చెబుతుంది. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్లను పట్టుకున్నారు. రోజూ బస్సు బోర్డు మీద చూసే పేర్లు భాషకూ చరిత్రకూ సాక్ష్యంగా నిలుస్తాయని అది చూపింది. భద్రిరాజు కృష్ణమూర్తి అమెరికాలో చేసిన డాక్టరేట్ పని ఆధారంగా 1961లో వచ్చిన 'తెలుగు వెర్బల్ బేసెస్' తెలుగు క్రియా ధాతువులను మిగతా ద్రావిడ భాషల పక్కన పెట్టి చూసింది. వీటిలో ఏ ఒక్కదాన్నైనా రెండు వాక్యాల్లో చెప్పవచ్చు.

తర్వాత యూనివర్సిటీలు పెరిగాయి, సీట్లు పెరిగాయి, ఉద్యోగానికి, ప్రమోషన్‌కు పీహెచ్‌డీ మెట్టయింది. పెరగడం మంచిదే. కూలీల పిల్లలు, దళిత బహుజన పిల్లలు, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన ఆడపిల్లలు పరిశోధనలోకి వచ్చింది అప్పుడే. కానీ వచ్చినవారి చేతిలో పెట్టింది ఒక అచ్చు. తెలుగు శాఖలో అయితే 'ఫలానా రచయిత: జీవితం, సాహిత్యం' లేదా 'ఫలానా కథలు: సమగ్ర పరిశీలన'. యుగ నేపథ్యం, రచయిత జీవితం, వస్తువు, శిల్పం, భాషాశైలి, ఉపసంహారం. కామర్స్‌లో 'ఫలానా జిల్లాలో స్వయం సహాయక సంఘాల పనితీరు'. సైన్స్‌లో 'ఫలానా మండలంలో భూగర్భ జలాల నాణ్యత'. రచయిత పేరో, జిల్లా పేరో, మండలం పేరో మారిస్తే కొత్త టాపిక్ తయారు. ప్రశ్న లేని చోట జవాబు ఎక్కడినుంచి వస్తుంది?

నల్గొండ నీళ్ల సాక్షిగా

ఫ్లోరైడ్‌నే తీసుకుందాం. మన నేల మీద దీనికి పెద్ద పరిశోధన చరిత్ర ఉంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ జబ్బు ఉన్నట్టు 1937లో వైద్య పత్రికకెక్కింది. నల్గొండ జిల్లా రోగులపై 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో లాన్సెట్‌లో ఒక కొత్త సంగతి రాశారు: ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోవడం, ఎముకలు గుల్లబారడం కనిపిస్తున్నాయని. అప్పటిదాకా ఎముక గట్టిపడటం ఈ జబ్బుకు గుర్తు అనుకునేవారు. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీటిని శుద్ధి చేసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరే పెట్టింది. తర్వాత అదే పోషకాహార సంస్థ వారు చింతపండు తిన్న బడిపిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని గమనించారు. పులుసు లేనిదే ముద్ద దిగని మనకు ఆ ఒక్క వాక్యం చాలు, పని ఏమిటో అర్థం కావడానికి.

ఇంత చరిత్ర మీద ఇప్పుడు ఒక స్కాలర్ మర్రిగూడ మండలంలో నీటి నమూనాలు తీశాడని ఊహించుకుందాం. అరవై బోర్లు, వానకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, రెండేళ్లు. అతని ముగింపు మామూలుగా ఇలా ఉంటుంది:

"అధ్యయన ప్రాంతంలోని ఎక్కువ నమూనాలలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని మించి ఉన్నది. కావున ప్రభుత్వం తగు చర్యలు తీసుకోవలెను. ప్రజలలో అవగాహన కల్పించవలెను."

ఇది 1955 నుంచీ తెలిసినదే. ఎగ్జామినర్ విసుక్కున్నా తప్పులేదు. అయితే అతని ఫీల్డ్ నోట్‌బుక్ విప్పితే ఇంకొకటి కనబడిందనుకోండి. పూడిక తీసిన చెరువుకు దగ్గరున్న బోర్లలో వాన తర్వాత ఫ్లోరైడ్ తగ్గింది, దూరంగా ఉన్న లోతు బోర్లలో తగ్గలేదు. స్కాలర్‌కు ఇది తెలుసు. ఒక గ్రాఫ్ కూడా గీశాడు. కానీ 'మండల సగటు' పట్టిక కింద అది కప్పబడిపోయింది. అదే ముగింపును ఇలా రాయవచ్చు:

"ఈ మండలంలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది పాత అధ్యయనాలు తేల్చిన విషయం. అవి మండల సగటును చూశాయి. ఈ పరిశోధన బోరుకూ చెరువుకూ మధ్య దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. పూడిక తీసిన చెరువుకు దగ్గరి బోర్లలో వాన తర్వాత ఫ్లోరైడ్ తగ్గింది, దూరపు బోర్లలో తగ్గలేదు. కాబట్టి ఒక ఊరికి ఒకే సగటు చెప్పడం దారి తప్పించవచ్చు. రెండు వానాకాలాలు, ఒకే మండలం అన్నవి ఈ పని హద్దులు."

నమూనాలు అవే, ల్యాబ్ అదే. ఒక్క కొత్త ప్రయోగం అవసరం పడలేదు. ముందువాళ్లు ఎక్కడ ఆగారో చెప్పాడు, తాను ఎక్కడ అడుగు వేశాడో చెప్పాడు, దానివల్ల ఏం మార్చుకోవాలో చెప్పాడు, ఎంతవరకు నమ్మవచ్చో కూడా తానే చెప్పేశాడు. ఆ నాలుగోది చాలామంది వదిలేస్తారు. హద్దు చెబితే పని చిన్నబోతుందని భయం. నిజానికి హద్దు చెప్పినవాడి మాటకే ఎగ్జామినర్ దగ్గర విలువ.

నోరు ఎందుకు పెగలదు?

కారణాలు వెతికితే మొదట కనిపించేది గైడ్ల కొరత. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఒక్కొక్కరే రిటైరవుతున్నారు, శాశ్వత నియామకాలు ఏళ్లకేళ్లు వాయిదా పడుతున్నాయి. యూజీసీ నిబంధన ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు స్కాలర్లు ఉండవచ్చు. ఆ ప్రొఫెసరే హెడ్, ఆయనే పరీక్షల బాధ్యుడు, యూనివర్సిటీకి గ్రేడు ఇచ్చే నాక్ కమిటీకి ఫైళ్లు సర్దేవాడూ ఆయనే. అధ్యాయం చేతికిస్తే అక్షర దోషాలు దిద్ది ఇచ్చేపాటి తీరికే ఉంటుంది. 'దీనర్థం ఏమిటి, ఇది నిజంగా కొత్తదేనా' అని కూర్చుని అడిగే తీరిక ఉండదు.

రెండోది ఇంగ్లిష్. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్‌లో సిద్ధాంత గ్రంథం రాసేవారికి రెడీమేడ్ వాక్యాలే దిక్కు. 'ది ప్రెజెంట్ స్టడీ ఈజ్ యాన్ అటెంప్ట్' అని మొదలవని ఉపోద్ఘాతం అరుదు. ఆ వాక్యంలో వ్యాకరణం తప్పకుండా ఉండటమే లక్ష్యమైతే, ఆలోచన పక్కకు జరుగుతుంది.

దానికి తోడు ప్లేజరిజం భయం. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక పది శాతం దాటకుండా చూసుకోవాలి. అరువు రాతలను అడ్డుకోవడానికి అది అవసరమే. కానీ సాఫ్ట్‌వేర్ పోల్చేది మాటలను, ఆలోచనను కాదు. దాంతో సబ్మిషన్ ముందు నెలలు శాతం తగ్గించడానికే సరిపోతాయి. ఉన్న వాక్యాన్నే అటూ ఇటూ తిప్పి, పర్యాయపదాలు పెట్టి, అర్థం చెడినా అంకె తగ్గితే చాలనుకుంటారు. యూనివర్సిటీ గేటు ముందు జిరాక్స్ షాపుల్లో బైండింగ్‌తో పాటు ఈ సేవ కూడా దొరుకుతుంది. సొంతదని రుజువు చేసుకునే తొందరలో సొంత మాటే పోతోంది.

పత్రాల నిబంధనదీ ఇలాంటి కథే. 2016 యూజీసీ నిబంధనలు సబ్మిషన్‌కు ముందు కనీసం ఒక పరిశోధన పత్రం అచ్చు కావాలన్నాయి. ఆ ఒత్తిడి మీద డబ్బు తీసుకుని ఏదైనా వేసే జర్నళ్లు బతికాయి. 2022 నవంబర్‌లో వచ్చిన నిబంధనలు ఆ షరతును తీసేశాయి. మంచి పనే. అయితే నిఖార్సయిన జర్నల్‌కు పంపితే సమీక్షకుడు తిప్పి పంపుతూ వేసే మొదటి ప్రశ్న 'ఇందులో కొత్తదేమిటి' అనేదే. ఆ ప్రశ్న ఎదురుపడే ఒక దారి ఇప్పుడు ఇష్టమున్నవారికే మిగిలింది.

అన్నిటికన్నా లోతున ఉన్నది మర్యాద. 'నేను కనుక్కున్నాను' అనడం మన ఇళ్లలో పొగరు. 'మునుపటి పరిశోధకులు దీన్ని చూడలేదు' అని రాస్తే, ఆ మునుపటి పరిశోధకుడు రేపు ఎక్స్‌టర్నల్‌గా రావచ్చు, గైడ్‌కు గురువు కావచ్చు. అందుకే పూర్వ పరిశోధనల అధ్యాయం అతిథులను వేదిక మీదికి పిలిచినట్టు సాగుతుంది. ఒక్కొక్కరి పేరు, గ్రంథం, రెండు పొగడ్తలు, నమస్కారం. ఎవరితోనూ వాదన ఉండదు. వాదన లేని చోట మన వంతు ఎంతో తేలదు. పెద్దలను గౌరవిస్తూనే ఇది రాయవచ్చు. 'ఫలానావారు ఇంతవరకు చూపించారు. వారికి అప్పుడు ఫలానా ఆధారం అందుబాటులో లేదు. ఆ ఆధారంతో చూస్తే ఇలా ఉంది' అంటే ఎవరి మనసూ నొచ్చుకోదు.

నేర్పితే వచ్చేదే

ఇది పుట్టుకతో వచ్చే ప్రజ్ఞ అనుకోనక్కర్లేదు. పరిశోధన పత్రాల ఉపోద్ఘాతాలను పరిశీలించిన భాషావేత్త జాన్ స్వేల్స్ 1990లో వచ్చిన తన పుస్తకంలో వాటి నడకను మూడు కదలికలుగా చూపాడు. ముందు రంగాన్ని పరిచయం చేయడం, తర్వాత అందులో మిగిలిన ఖాళీని చూపడం, చివరికి ఆ ఖాళీలో తన పనిని నిలబెట్టడం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ 2008లో ఒక పోటీ మొదలుపెట్టింది. సిద్ధాంత గ్రంథం మొత్తాన్ని మూడు నిమిషాల్లో, ఒకే స్లైడ్‌తో, ఆ రంగం తెలియనివారికి చెప్పాలి. అది చాలా దేశాలకు పాకింది. మన కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ కూడా 2018లో 'అవ్సర్' పేరుతో పరిశోధకులు తమ పనిని మామూలు పాఠకులకు కథలా రాసే పోటీ పెట్టి, పీహెచ్‌డీ స్కాలర్లకు మొదటి బహుమతిగా లక్ష రూపాయలు ఇచ్చింది.

పోటీలు ఒకరిద్దరికి పనికొస్తాయి. మిగతావారికి డిపార్ట్‌మెంటే దిక్కు. అక్కడ చేయగలిగింది చాలా ఉంది. ప్రీ-పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌లో నమూనా సేకరణ రకాలు, గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్పీఎస్ఎస్ నేర్పుతారు. పరిశోధన నైతికత మీద కూడా పేపర్ ఉంది. వాటి పక్కన నాలుగు క్లాసులు చాలు. పాత సిద్ధాంత గ్రంథాలు ఐదు తీసి, ప్రతిదానికీ 'ఇంతకుముందు ఏమనుకున్నారు, ఇది ఏం చూపింది' అని రెండు వాక్యాలు రాయించాలి. సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో దేశవ్యాప్తంగా లక్షల గ్రంథాలు ఉచితంగా ఉన్నాయి, పుస్తకాల కొరత లేదు. ఏ గ్రంథానికి రెండు వాక్యాలు రాయడం కుదరలేదో పిల్లలే పట్టేస్తారు. తమ సినాప్సిస్ కూడా అందులో చేరకూడదని అప్పుడే అనుకుంటారు.

కాంట్రిబ్యూషన్ అంటే పెద్ద సిద్ధాంతమే కానక్కర్లేదని కూడా చెప్పాలి. ఇంతవరకు ఎవరూ నమోదు చేయని పాటను, శాసనాన్ని, మాండలిక పదాన్ని ఆధారాలతో అందించడం ఒకటి. తెలిసిన విషయాన్ని కొలవడానికి మెరుగైన పద్ధతి చూపడం ఇంకొకటి. అందరూ నమ్మినది ఒక ప్రాంతంలో, ఒక కులంలో, ఒక కాలంలో వర్తించదని చూపడం మరొకటి. తన ఊహ తప్పని తేలడం కూడా లెక్కలోకి వస్తుంది, ఎందుకు తప్పిందో చెప్పగలిగితే. ఒక కథా రచయిత మీద పనిచేసే స్కాలర్ 'సమగ్ర పరిశీలన' పక్కన పెట్టి, ఆ రచయిత కథల్లో ఆడవాళ్ల సంభాషణ మాండలికంలోనూ మగవాళ్లది ప్రామాణిక భాషలోనూ ఎందుకుందని అడిగితే, ఆరు అధ్యాయాలకూ ఒక వెన్నెముక దొరుకుతుంది.

ముందు తెలుగులో చెప్పించడం మరో దారి. ఇంగ్లిష్‌లో రాసేవారైనా సరే, ముగింపు అధ్యాయం మొదలుపెట్టే ముందు, పక్క డిపార్ట్‌మెంట్ మిత్రుడికి ఐదు నిమిషాలు తెలుగులో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి. మిత్రుడు 'అయితే ఏంటి?' అన్నచోట గుర్తు పెట్టుకోవాలి. ఆ ప్రశ్నకు వచ్చిన జవాబునే ఇంగ్లిష్‌లో మొదటి పేరాగా రాయాలి. డాక్టర్ల పిల్లలకు, ప్రొఫెసర్ల పిల్లలకు ఈ సంభాషణ ఇంట్లో భోజనాల దగ్గరే జరిగిపోతుంది. ఇంట్లో అడిగేవారు లేని పిల్లలకు యూనివర్సిటీ అడగాలి.

ఒక జాగ్రత్త. సరుకు లేని చోట మాటలు నేర్పితే వచ్చేది డాంబికం. మండలం పేరు మార్చి తెచ్చిన టాపిక్‌కు ఐదో ఏట ఎంత మెరుగు పెట్టినా కాంట్రిబ్యూషన్ పుట్టదు. అందుకే ఈ ప్రశ్న వైవా రోజుది కాకూడదు, సినాప్సిస్ రోజుది కావాలి. దానికి కొత్త వ్యవస్థ అక్కర్లేదు. ప్రతి స్కాలర్‌కూ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉండాలని, స్కాలర్ ప్రతి సెమిస్టర్ దాని ముందు హాజరై పని వివరించాలని యూజీసీ నిబంధనల్లోనే ఉంది. చాలాచోట్ల ఆ సమావేశం సంతకాల పండగ. ఎన్ని అధ్యాయాలు అయ్యాయి, ఎన్ని సెమినార్లకు వెళ్లారు, ఫీజు కట్టారా అన్నవి రాసుకుని ముగిస్తారు. ఆ ఫారంలో ఒక గడి చేర్చాలి: 'ఈ ఆరు నెలల్లో మీరు తెలుసుకున్నదానివల్ల, ఈ విషయంపై ఇంతవరకు ఉన్న ఏ అభిప్రాయం మారుతుంది?' మొదటి ఏడాది ఖాళీగా ఉన్నా పరవాలేదు. రెండో ఏడాదీ ఖాళీగా ఉంటే కమిటీ గైడ్‌ను అడగాలి, స్కాలర్‌ను కాదు.

ఇంకొకటి యూనివర్సిటీ ఊళ్లకు బాకీ ఉంది. నీటి నమూనా ఇచ్చిన రైతు, పాట పాడిన ముసలమ్మ, ప్రశ్నావళికి గంటసేపు జవాబిచ్చిన సంఘం మహిళ తమ మాటలతో ఏం తేలిందో ఎన్నడూ వినలేదు. సబ్మిషన్ కాపీలతో పాటు ఒక పేజీ తెలుగు సారాంశం తప్పనిసరి చేసి, ఆ పేజీని పనిచేసిన ఊరి పంచాయతీ ఆఫీసుకు, బడికి పంపమనాలి. సర్పంచికి అర్థమయ్యేలా రాయగలిగినవాడు ఎగ్జామినర్‌కు తడబడడు.

వీటిలో దేనికీ బడ్జెట్ కేటాయింపు అవసరం లేదు, జీవో కోసం సెక్రటేరియట్ చుట్టూ తిరగాల్సిన పనీ లేదు. ఫారంలో ఒక గడి, కోర్స్‌వర్క్‌లో నాలుగు క్లాసులు, ఒక పేజీ సారాంశం. బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఒక పూట కూర్చుంటే తీర్మానం అయిపోతుంది. పోస్టులు భర్తీ అయ్యేదాకా ఆగుదామంటే ఇప్పుడు రిజిస్టరైన బ్యాచ్ కూడా ఇదే దారిలో వెళ్లిపోతుంది. ఏ డిపార్ట్‌మెంట్ హెడ్ అయినా వచ్చే సెమిస్టర్ నుంచే మొదలుపెట్టవచ్చు.